విచారణ లేని శిక్ష

దిలుసుఖ్‌నగరము మొదలుకొని చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్బీ నగర్ కూడలి వఱకును, అచటినుండి వనస్థలిపురము, హయత్‌నగరముల వఱకును విజయవాడ మార్గమున సాయంసమయమున నడచువారికి ఒక దృశ్యము నిత్యము గోచరించును. రంగురంగుల చొక్కాలు ధరించి, వీపున పెద్ద సంచి తగిలించుకొని, మోటారు సైకిలు ముందుభాగమున సెల్‌ఫోను బిగించుకొని యువకులు హోటళ్ళ ముందును, డార్కు స్టోర్ల ముందును గుమికూడి యుందురు. వారిలో పలువురు నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతములనుండి వచ్చినవారు. కొందఱు ఉద్యోగ పరీక్షలకై దిలుసుఖ్‌నగరపు కోచింగు కేంద్రములలో చేరి, హాస్టలు రుసుమునకై సాయంకాలములు బండి నడుపువారు. కొందఱు భార్యాబిడ్డలను పోషించుకొనుటకై ఉదయమునుండి అర్ధరాత్రి వఱకు దీనినే వృత్తిగా జేసికొన్నవారు. వీరి శ్రమఫలము మన ప్రతి యింటి గడపకును చేరుచున్నది. వీరి కష్టములలో నెల్ల పెద్దదైన యొక కష్టము మాత్రము ఏ గడపకును చేరుట లేదు.

పనివారి భాషలో దానిపేరు ఐడీ బ్లాకు. నిన్న రాత్రి వఱకు ఆర్డరులు అందజేసినవాడు నేటి యుదయమున ఫోను తెఱచి చూచుసరికి ఖాతా నిలిపివేయబడినదని యొక వాక్యము తెరపై కనిపించును. నియమము ఉల్లంఘింపబడినదని యుండును. ఏ నియమమో ఉండదు. ఫిర్యాదు వచ్చినదని యుండును. ఎవరు చేసిరో, ఏ దినమున చేసిరో, ఏ ఆర్డరు విషయమై చేసిరో ఉండదు. సహాయమను గుర్తును నొక్కినచో ముందుగనే కూర్చిపెట్టిన ప్రశ్నలును, ముందుగనే కూర్చిపెట్టిన జవాబులును వరుసగా వచ్చును. అతని ప్రశ్న వానిలో నుండదు. ఎట్టకేలకు టికెట్టు సంఖ్య యొకటి దొరకును. రెండు దినములకో వారమునకో, వినతిని పరిశీలించితిమి, నిర్ణయము మారదు అను ప్రత్యుత్తరము వచ్చును. లేదా ఏమియు రాదు. పరిశీలించినది మనుష్యుడో యంత్రమో తెలియదు. ఈలోపల బండి కిస్తీ గడువు దాటును, గది అద్దె మీదపడును, కిరాణా కొట్టులో అప్పు పెరుగును. ఫోనులో ఒక ఖాతా మూతపడగా కొట్టులో మఱియొక ఖాతా తెఱవబడుచున్నదన్నమాట.

ఐడీ ఏల పోవును? విచారించిన కొలది కారణములు విచిత్రముగా నుండును. పని మొదలిడుటకు ముందు తన ముఖచిత్రమును తీసి పంపవలెను. గడ్డము తీసివేసినను, వీధిదీపపు వెలుగు చాలకున్నను యంత్రము పోల్చుకొనలేకపోవచ్చును. అపార్టుమెంటు కావలివాడు లోనికి పోనీయక పొట్లమును గేటువద్దనే పెట్టించును. పైయంతస్తువారు తమకది అందలేదందురు. వర్షకాలమున సరూర్‌నగరు చెఱువు దిగువ కాలనీలలో నీరు నిలిచినప్పుడు ఆర్డరు వద్దన్నవానికి నిరాకరణల లెక్క పెరుగును. వసూలైన నగదును జమచేయుటలో కొంత యాలస్యమైనను ఖాతా ఆగవచ్చును. ఇవి యన్నియు ఒక మనుష్యునితో పది నిమిషములు మాటలాడినచో తేలిపోవు సంగతులు. ఆ పది నిమిషములే వారికి దొరకుట లేదు. పది నిమిషములలో సరకులు చేర్చెదమని చాటుకొన్న వ్యాపారమిది! 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి కలుగజేసికొన్న పిమ్మటనే బ్లింకిట్ కంపెనీ యా చాటింపును మానినది.

దోషులే లేరని మేమనము. తన ఐడీని మఱియొకనికి అద్దెకిచ్చువారు కలరు. వాకిట నిలిచి స్త్రీలతో అసభ్యముగా ప్రవర్తించినవారును కలరు. అట్టివానిని ఆ క్షణముననే ఆపవలసినదే. ఇంట ఆడబిడ్డలున్న యే గృహస్థుడును వేఱొక మాట చెప్పడు. కాని దొంగను పట్టిన పోలీసు సయితము ఇరువదినాలుగు గంటలలో న్యాయాధికారి యెదుట నిలుపవలెను గదా. దొంగతనము చేసినవానికి గల యీ హక్కు, దోసె చల్లారినదని ఫిర్యాదు వచ్చినవానికి లేకుండుట యేమి ధర్మము?

కంపెనీలవారి సమాధానము సిద్ధముగ నున్నది. ఇతడు సేవకుడు కాడు, 'డెలివరీ భాగస్వామి' అందురు. ఈ మాట వినినప్పుడెల్ల న్యాయవాదులకు నవ్వు వచ్చును. మన దేశమున 1932 నాటి భాగస్వామ్య చట్టము నేటికిని అమలునందున్నది. దాని ప్రకారము భాగస్వామికి వ్యాపారపు లెక్కల పుస్తకములు తెఱచి చూచు హక్కు గలదు. ఒప్పందమున అట్టి యధికారము వ్రాసికొని, దానిని సద్బుద్ధితో వినియోగించిననే తప్ప, తక్కిన భాగస్వాములందఱు ఏకమైనను ఒక భాగస్వామిని వెళ్ళగొట్టరాదు. ఎల్బీ నగర్‌లో బండి నడుపు భాగస్వామి తన రేటింగు ఎట్లు తగ్గినదో చూపుమని యడిగిన చూపువారు లేరు. సేవకుని హక్కులు అడిగినచో భాగస్వామివందురు. భాగస్వామి హక్కులు అడిగినచో తలుపు మూయుదురు. పూర్వము గిర్మిటు వ్రాసి నేటాలునకును, ఫిజీకిని పోయిన తెనుగు కూలీ పని విడిచి పోవలెనన్న చట్టము అడ్డుపడెడిది. నేటివానికి పోవుటకు అడ్డు లేదు. ఉండుటకు మాత్రము ఏ యాధారమును లేదు.

మన యున్నత న్యాయపీఠములు ఈ విషయమున మూగవై యుండలేదు. 1985లో బొంబాయి కాలిబాటలపై గుడిసెలు వేసికొన్నవారి వ్యాజ్యమున, జీవించు హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడియున్నదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ గుడిసెలు తుదకు తీయవలసినవే యని తేలినను, తీయుటకు ముందు వారి మాట వినవలెనన్న సూత్రము నిలిచినది. 1986లో కలకత్తా జలరవాణా కంపెనీ యుద్యోగి వ్యాజ్యమున, మూడు మాసముల నోటీసిచ్చి కారణము చెప్పకయే తొలగింపవచ్చునను షరతు ప్రజానీతికి విరుద్ధమని, బలవంతుడు వ్రాసి బలహీనునిచే సంతకము పెట్టించుకొన్న యొప్పందమును న్యాయస్థానము అమలుపఱుపదని చెప్పబడినది. అది ప్రభుత్వ కంపెనీ. ఇవి ప్రైవేటు కంపెనీలు. ఈ భేదమును ఎదుటి పక్షపు వకీలు తప్పక యెత్తిచూపును, ఎత్తిచూపుటలో తప్పును లేదు. కావుననే తీర్పులపై ఆధారపడి కూర్చుండక శాసనము కావలెనని యడుగుచున్నాము.

శాసనములు రాకపోలేదు. సామాజిక భద్రతా స్మృతి 2020లో వ్రాయబడి 2025 నవంబరు 21న అమలునకు వచ్చినది. గిగ్ కార్మికుడను పేరు కేంద్ర శాసనమున మొదటిసారిగా అందు కనిపించినది. కంపెనీల వార్షికాదాయమునుండి నూటికి ఒకటి రెండు వంతులు సంక్షేమ నిధికి చేరవలెను. మంచిదే. కాని ఐడీ తీసివేయుటను గూర్చి యా స్మృతిలో ఒక్క మాట లేదు. పైగా 2025 డిసెంబరు 30న ప్రకటింపబడిన ముసాయిదా నిబంధనల ననుసరించి, సంవత్సరమున ఒక కంపెనీయొద్ద 90 దినములు, పలు కంపెనీలయొద్ద నయినచో 120 దినములు పనిచేసినవానికే యా లాభములు. ఎనుబదియైదవ దినమున ఐడీ ఆగినవాని గతి యేమి? పని నిలిచినచో బీమాయు దూరమగును. మన రాష్ట్రమున 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదాను ప్రజాభిప్రాయమునకై వెలువరించిరి; నవంబరులో మంత్రివర్గము ఆమోదించెను. అదే 2025లో కర్ణాటకము చేసిన చట్టము, వ్రాతమూలకముగా కారణము చూపి 14 దినముల ముందు నోటీసియ్యక కార్మికుని తొలగింపరాదని శాసించినది.

ఇట ఒక చిక్కు గలదు. న్యాయస్థానముల నెఱిగినవారికి ఇది వెంటనే స్ఫురించును. తొలగించుటకు ముందు నోటీసు కావలెనని వ్రాసినంతమాత్రమున, తాము తొలగింపలేదు, పరిశీలన నిమిత్తము తాత్కాలికముగా నిలిపితిమని కంపెనీ చెప్పగలదు. ఆ తాత్కాలికమునకు గడువుండదు. నెల దినములు నిలిపియుంచినచో బండివాడు తానే విసిగి మఱియొక పని వెదకికొనును. తొలగింపు జరిగిపోవును, తొలగించినవాడెవ్వడును ఉండడు. జొమాటో సంస్థాపకుడు 2026 జనవరిలో చెప్పిన లెక్క ప్రకారము ఆ కంపెనీ నెలకు సుమారు 5,000 మందిని తొలగించుచున్నది, లక్షన్నర మొదలు రెండు లక్షల మంది తమంతట తామే విడిచిపోవుచున్నారు. తమంతట తాము అనినచో ఎట్లో మాకు బోధపడుట లేదు. విడిచిపోయినవారిలో ఎందఱి ఐడీలు అంతకుముందు నిలుపబడినవో ఆయన చెప్పలేదు.

కావున మా ముఖ్యమైన కోరిక నోటీసును గూర్చినది కాదు, నిలుపుదల కాలమును గూర్చినది. నిలిపినవాడు భృతి యియ్యవలెను. ఇది క్రొత్త సిద్ధాంతము కాదు. కర్మాగారమున విచారణకై సస్పెండు చేయబడిన కార్మికునికి మొదటి 90 దినములు సగము వేతనమును, ఆపైన ముప్పాతికయు జీవనభృతిగా నియ్యవలెనని స్థాయీ ఉత్తర్వుల చట్టమున ఉండెను. 2025లో దాని స్థానమున వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతిలోను అది నిలిచియున్నది. మహారాష్ట్రమున సస్పెండైన యుద్యోగికి నెలకొక్క రూపాయి భృతి చాలునన్న నిబంధనను 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. ఆకలితో నున్నవాడు తన పక్షమున వాదించుకొనలేడనుట న్యాయశాస్త్రమంతయు నెఱిగిన సత్యము. బండివానికి వేతనము లేదు గనుక లెక్క యెట్లని యడుగుదురు. గడచిన మూడు మాసములలో దినమునకెంత సంపాదించెనో కంపెనీ యంత్రమునకు పైసలతో సహా తెలియును. అందులో సగము ఇచ్చుట కష్టము కాదు. భృతి యియ్యవలసి వచ్చిననాడు వారముల తరబడి సాగు పరిశీలన రెండు దినములలో ముగియునని మా నమ్మకము.

ఇతర దేశములవారు ఈ దారిని మనకంటె ముందు నడచిరి. 2023 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డాము అప్పీలు న్యాయస్థానము ఊబరు డ్రైవర్ల వ్యాజ్యమున, ఖాతాలు మూయుటలో మనుష్యుని ప్రమేయము నామమాత్రమేనని తేల్చి డ్రైవర్ల పక్షమున తీర్పిచ్చినది. 2024 నాటి ఐరోపా సంఘపు ఆదేశము ఇంకను స్పష్టము. ఖాతాను మూయుటయే కాదు, నిలుపుటయు, హద్దులు విధించుటయు మనుష్యుడే చేయవలెను, కారణము వ్రాసియియ్యవలెను, పునర్విచారణ కోరినచో రెండు వారములలో బదులీయవలెను. నిలుపుట అను పదము అచట మఱువక చేర్చిరి. మన రాష్ట్ర చట్టమునందు గాని, దాని నిబంధనలయందు గాని యా యొక్క పదము లేనిచో తక్కిన ప్రకరణములన్నియు ఉండియు లేనట్లే.

అప్పీలు ఎవరికి? కంపెనీ చేసిన నిర్ణయముపై కంపెనీకే విన్నవించుకొనుట అప్పీలు కాదు, ప్రాధేయపడుట. కార్మిక శాఖాధికారి యొకడు ఈ నగరముననే కూర్చుండి, తెలుగులోను ఉర్దూలోను విని, ఐడీ తిరిగి యిప్పించు అధికారము కలిగియుండవలెను. ఒప్పంద పత్రమున దూరపు నగరమున మధ్యవర్తి యెదుట తేల్చుకొనుమని వ్రాసియుండుట పరిపాటి. 2020లో కెనడా సుప్రీంకోర్టు ఇట్టి షరతునే తోసిపుచ్చినది. భోజనపు పొట్లములు మోయు డ్రైవరు నెదర్లాండ్సునకు పోయి 14,500 డాలర్లు కట్టి వ్యాజ్యమాడవలెనట! రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములు ఎల్బీ నగర్‌లోనే యున్నవి. వాని ముందునుండియే దినమునకు పదిసార్లు బండి నడుపువాడు తన వ్యాజ్యమునకై బెంగుళూరో ఢిల్లీయో పోవలెనా?

తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ ఈ విషయమున చాలకాలముగా పోరాడుచున్నది. 2025 డిసెంబరు 25, 31 తేదీలలో దేశమంతట జరిగిన సమ్మెలోను, విచారణ లేక ఐడీలు నిలుపరాదనుట ముఖ్యమైన కోరికలలో నొకటి. ఆ రెండు దినములు ఆర్డరు ఆలస్యమైనదని కోపించినవారు మన పాఠకులలోను ఉండియుందురు.

చట్టము పూర్తిగా అమలునకు వచ్చు వఱకు చేయదగిన పని యొకటి గలదు. ప్రతి బండివాడును తన దినదినపు ఆర్డరుల పట్టికను, రాబడిని, వచ్చిన ప్రతి సందేశమును ఫోను తెర ఫొటోలుగా తీసి వేఱుచోట భద్రపఱచుకొనవలెను. ఐడీ ఆగిన పిమ్మట అవి చూచుటకు వీలుండకపోవచ్చును. పఠన మందిరములవారు వారమునకొక సాయంకాలము రెండు గంటలు బల్ల వేసి కూర్చుండి, ఇంగ్లీషు రానివారికి అప్పీలు వ్రాసిపెట్టవచ్చును. కొత్తపేట, వనస్థలిపురముల యువ న్యాయవాదులు కొందఱు రుసుము లేక వచ్చుటకు సిద్ధముగ నున్నారు. గది, బల్ల, రెండు కుర్చీలు ఇచ్చువారు కావలెను.