మూడోవాడి వంతు

మా వాడకట్టులో బీడీలు చుట్టి పీఎఫ్ కట్టించుకున్న ఒకామె పోయి మూడేళ్లయింది. మొన్న ఆమె బిడ్డ పాస్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టింది. నెలనెలా ఒకటే అంకె, 250. పెద్ద తమ్ముని ఖాతాలో ఇంకో 250. చిన్నోనికి ఏమీ లేదు. "వానికెప్పుడొస్తది కాకా?" అని అడిగింది. ఆ పిల్లకు పదిహేనేళ్లు, చిన్నోనికి ఐదు.

1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకంలో పిల్లల పెన్షన్ ఒకేసారి ఇద్దరికే. పెద్దవాళ్లలో ఒకరికి 25 నిండితేనే తర్వాతివాడి వంతు వస్తుంది. వీడి వంతు రావడానికి ఇంకా పదేళ్లు. పాలు, పలక, బడిబట్టలు కావలసిన వయసంతా ఆ పదేళ్లలోనే గడిచిపోతుంది.

ఈ సంగతి ఎత్తితే చదువుకున్నవాళ్లు కూడా, "ఊరికే వచ్చేదానికి లెక్కలెందుకు? ఒక్క నెల చందా కట్టి చనిపోయినా కుటుంబానికి పెన్షన్ ఇస్తున్నారు, ఇంకేం కావాలి?" అంటారు. ఈ మాట తప్పు. ఆమె పనిచేసినన్నాళ్లూ జీతం మీద లెక్కగట్టిన 8.33 శాతం యజమాని వాటా నుంచి ఈ పథకానికి జమైంది. అది ఆమె చేతికి రాని కూలి. ఒక్క నెల చందాకే రక్షణ ఉండటం బీమా స్వభావం. బతికున్న లక్షలమంది చందాలోంచే పోయినవాళ్ల పిల్లలకు అందుతుంది. చందా కట్టినవాళ్లు అందుకు ఒప్పుకునే కట్టారు. ఇందులో దయ ఎవరిది?

"నిధి తట్టుకోలేదు" అనేది రెండో వాదన. నిధికి హద్దులున్నాయి, కాదనను. కానీ 2014 సెప్టెంబరులో కనీస పెన్షన్‌ను వెయ్యి చేసినప్పుడు, తక్కువ పడినదాన్ని కేంద్రం తన బడ్జెట్ నుంచే పూడుస్తానంది. తలచుకుంటే ఇవ్వగలమని సర్కారే చూపించింది. ఆ వెయ్యిలో పావు వంతే ఈ 250. ధరలు పెరిగినా అది పెరగదు, ఈ పథకంలో కరువు భత్యం లేదు. నెలకు 7,500 కావాలని పెద్దలు రోడ్డెక్కుతున్నారు, న్యాయమే. పిల్లలు ధర్నా చేయలేరు కాబట్టి వాళ్ల వాటా మాట ఎక్కడా వినిపించడం లేదు.

నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది ఆ పావు వంతు లెక్కే. తల్లీతండ్రీ ఇద్దరూ పోతే ఒక్కో బిడ్డకు 75 శాతం, కనీసం 750. ఒకరు మిగిలితే 25 శాతం. మిగిలినవాళ్లు సాకుతారులే అన్న నమ్మకం మీద వేసిన లెక్క ఇది. మా వాడలో ఆ మిగిలిన తండ్రికి వచ్చే పెన్షన్ వెయ్యి. ముగ్గురు పిల్లల నోళ్లు దానితో నిండుతాయని నమ్మేవాళ్లు ఒక్క నెల ఆ ఇంట్లో చిట్టా రాసి చూడాలి.

ఇద్దరి గీత చెరిపేయాలి. పిల్లల కనీస మొత్తాన్ని ధరలతో ముడిపెట్టాలి. పెన్షన్ కోసం 10-డి ఫారం నింపిన రోజు ఆ తండ్రి పక్కన కూర్చున్నది నేనే. కుటుంబ సభ్యుల గడిలో ముగ్గురి పేర్లూ, పుట్టిన తేదీలతో సహా, నా చేత్తోనే రాశాను.