పిల్లికూతలు

ఆంగ్లపాఠములో ‘వీజ్’ అను మాట వచ్చినదనుకొందము. ఉపాధ్యాయుడు నిఘంటువు చూచి ‘చప్పుడగునట్లు కష్టముగా ఊపిరి తీయుట’ అని చెప్పును. విద్యార్థులు వ్రాసికొందురు, పరీక్షలో అప్పగింతురు. కాని ఆ చప్పుడెట్టిదో వారికి తెలిసినదా?

విశాఖపట్టణము జిల్లాలో నుండి 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన గోవాడ చెరకుసీమలోని యూరు. అట్టి యూళ్లలో మార్గశిరపు మంచు తోటలపై దిగి, బెల్లము వండు పొయ్యిల పొగ దానితో కలిసినపుడు, ఉబ్బసపు రోగి రొమ్మునుండి వెలువడు సన్నని కూతను వినని బాలుడుండడు. దానిని ఇంటి పెద్దలు ‘పిల్లికూతలు’ అందురు. ఆ మాట పలికినచో పాఠము పూర్తియగును.

‘వీజ్’ 15వ శతాబ్ది నాటికే ఆంగ్లమున కనిపించుచున్నది. బుసకొట్టుట అను నర్థముగల ప్రాచీన నార్సు క్రియనుండి అది వచ్చియుండునని పండితుల యభిప్రాయము. సంస్కృతమందలి ‘శ్వస’ ధాతువును దానికి జ్ఞాతియే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. శ్వాస, నిశ్వాసము, విశ్వాసము ఆ ధాతువునుండి పుట్టినవే. ఆంధ్ర మహాభారత పర్వములను విభజించు ‘ఆశ్వాసము’ను అట్టిదే, పాఠకుడు ఊపిరి తీసికొనుటకు తగిన మజిలీ యన్నమాట. పరాయిదనుకొన్న పదము దూరపు చుట్టమైనది!

ఇక తెనుగునకు సొంత సంపద లేకపోలేదు. నిడు ఊర్పు నిట్టూర్పు, కుఱు ఉసురు కుట్టుసురు అని ద్విరుక్తటకార సంధికి ఉదాహరణములు వల్లించిన విద్యార్థి ఊపిరి మాటలనే వల్లించినాడు. నిట్టూర్పు దుఃఖమునకు, రొప్పు పరుగునకు, గురక నిద్రకు చెల్లును. గురక గొంతునందు పుట్టును. పిల్లికూతలు రొమ్ములోని శ్వాసనాళములు ఇరుకై, గాలి సందు దొరకక ఈలవేయుటచే పుట్టును; ఊపిరి విడుచునపుడు మరింత వినవచ్చును. ఒకదానికి బదులొకటి వాడినచో అర్థము చెడును.

చెడునది అర్థము మాత్రమే కాదు. వ్యాయామపు వేళ ప్రక్కకు తప్పుకొను బాలుని సోమరి యనుట సులభము. ‘పిల్లికూతలు’ మోటుమాటయని వాడు సిగ్గుపడి, ‘వీజింగ్’ నోటికి రాక మిన్నకుండినచో, వాని బాధ ఎవరికి తెలియును? ఉబ్బసము మిక్కిలి ముదిరినపుడు, గాలి యాడక ఆ కూతయు అణగిపోవును. అది ఉపశమనము కాదు, ప్రాణాపాయము. తక్షణమే వైద్యుని చెంతకు చేర్చవలసిన ఘడియ.

కావున ఉపాధ్యాయుడు ఆంగ్లపదమును నేర్పవలెను, దాని పుట్టుకను చెప్పవలెను. అంతకు ముందు, ‘దీనిని మీ యింట ఏమందురు?’ అని అడుగవలెను. బాలుడు తలయెత్తి బదులు చెప్పిననాడు, నిఘంటువు చేయలేని పనిని తరగతి చేసినదగును.