కూలీ జబ్బును మేస్త్రీ నోటితో చెప్పించొద్దు

మిర్చి కోతలు మొదలైతే మన ఖమ్మం, భద్రాచలం వైపు ఊళ్లకు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి కూలీలు వస్తారు. వాళ్లది కోయ, గోండి మాట. తెలుగు వచ్చేది ముఠా మేస్త్రీకే. కూలి బేరం ఆయనే, బియ్యం లెక్క ఆయనే. ఆసుపత్రికి పోతే దుబాసీ కూడా ఆయనే. ప్రమాదం ఇక్కడే ఉంది.

రెండేళ్ల కిందట నా తోటలోనే కాయ కోస్తున్న ఒకామె వాంతులతో కూలబడింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. ‘మందు కొట్టిన చేలో దిగిందా?’ అని డాక్టరు అడిగారు. మేస్త్రీ నా మొహం చూశాడు. ఆమెను ఒక్క ముక్క అడగకుండానే ‘లేదు సార్, ఎండదెబ్బ’ అన్నాడు. ముందు రోజు సాయంత్రం మందు కొట్టించిన నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. కేసవుతుందేమోనని భయం.

గంట తర్వాత కోయ తెలిసిన ఆశా కార్యకర్త వచ్చి ఆమె పక్కన కూర్చుని అడిగింది. పొద్దుటి నుంచే కళ్లు మసకలు, నోట్లో నీళ్లు ఊరడం. పైగా మూడో నెల. ఆ మాట మగ మేస్త్రీతో ఎట్లా చెప్పుకుంటుంది? అప్పుడు నేను మందు డబ్బా తెప్పించాను. డాక్టరు వైద్యం మార్చారు. ఆమె బతికింది. ఆ గంట మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మేస్త్రీ చెడ్డవాడని కాదు. ముఠాకు పని పోతుందని ఆయన భయం, పేరు పోతుందని మన భయం. భయపడేవాడు మాటను ఉన్నదున్నట్టు చేరవేయలేడు. కొన్ని పురుగుమందుల విషానికి అట్రోపిన్ ఇస్తారు. ఎండదెబ్బకు ఇచ్చేది అది కాదు. మాట తప్పితే మందూ తప్పుతుంది.

అందుకే రైతు సోదరులారా, ఆసుపత్రికి డబ్బాతో సహా వెళ్దాం. దాని లేబుల్‌పై మందు పేరు, విరుగుడు ఉంటాయి. ఎప్పుడు కొట్టామో మనమే చెబుదాం. చెప్పాక పక్కకు తప్పుకుందాం. ఆడవాళ్ల దగ్గర వాళ్ల భాష తెలిసిన ఆడమనిషే ఉండాలి. అడిగిన ప్రతి ప్రశ్న రోగికి చేరాలి, ఆమె చెప్పిన ప్రతి మాటా డాక్టరుకు చేరాలి.

మన గ్రామ కమిటీలు కోయ, గోండి తెలిసినవారి ఫోన్ నంబర్లు ఇప్పుడే రాసి పెట్టాలి. కోతల కాలంలో ఆసుపత్రుల్లో జీతమిచ్చి దుబాసీలను పెట్టాలని సంఘం ప్రభుత్వాన్ని అడగాలి. మద్దతు ధర అడిగే మన నోరు, మన పంట కోసే మనిషి ప్రాణం కోసం కూడా లేవాలి.