యోబు అడిగిన మాట

మన బైరసాగరం ఎండినా, మిల్లులో ఎవరి చెయ్యి నలిగినా ముందు వినబడే మాట ఒకటే: "ఏం పాపం చేసినాడో!" ఈ మాట కొత్తది కాదు. యూదుల వేదంలోని యోబు కథలోనూ ఇదే మాట ఉంది.

ఊజు దేశంలో యోబు నీతిగా బతికిన మనిషి. ఒక్కరోజులో ఎడ్లు, గొర్రెలు, ఒంటెలు పోయినాయి. పెద్ద గాలికి ఇల్లు కూలి పదిమంది బిడ్డలూ చచ్చిపోయినారు. తర్వాత ఒళ్ళంతా కురుపులు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు అతనితో నేలమీద కూర్చున్నారు, మాట్లాడలేదు. అంతవరకు బాగుండింది. నోరు తెరిచినాక మాత్రం తప్పు నీదే అన్నారు. యోబు ఒప్పుకోలేదు, దేవుణ్ణే నిలదీసినాడు.

చివరికి దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడినాడు. కష్టానికి కారణం చెప్పలేదు. కోపగించుకున్నది మాత్రం ఆ స్నేహితుల మీదనే.

సావు ఇంట్లో, ఆ ఇంటివాళ్ళు మాట్లాడేదాకా వచ్చినవాళ్ళు నోరు విప్పకూడదనే యూదుల ఆచారానికి ఈ కథే ఆధారం. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిము యూదులున్నారు. కూలి చేసుకుని బతికేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ వేదంలోనూ ఈ యోబు ఉన్నాడు.

అందుకే అమ్మల్లారా, అయ్యల్లారా, దెబ్బ తగిలినవాని ఇంటికి పోతే పాపం లెక్క అడగొద్దండి. పక్కన కూర్చోండి. పొయ్యి వెలిగిందా చూడండి. ఈఎస్‌ఐ కాగితాలకు తోడు పోండి. మిషనుకు గార్డు ఉండిందా లేదా, అది అడగండి. పాపం అని చెప్పేస్తే ఆ ప్రశ్న ఎవరూ అడగరు.