డయాలసిస్ రోగికి దారి కష్టం తీరేదెన్నడు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి తోటలకు కొదవ లేదు. కానీ డయాలసిస్ మీద బతుకుతున్నవారు బొండం నీళ్ల జోలికి వెళ్లకూడదు. అందులోని పొటాషియాన్ని పాడైన కిడ్నీలు బయటికి పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఈ సంగతి రోగికే కాదు, ఇంట్లో వండిపెట్టేవారికీ ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి.

ఇలాంటి రోగుల కోసం పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. మంచి పని. అయితే సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు మంచం మీద ఉండాల్సిన మనిషికి దారి కూడా పెద్ద కష్టమే. చికిత్స ముగిశాక బీపీ పడిపోయి, కాళ్లు పీకుతూ, చేతికి కట్టుతో బస్సు కోసం నిలబడాలి. తోడొచ్చినవారికి ఆ రోజు కూలి పోయినట్టే. ఇవన్నీ కలిపితే ఉచిత వైద్యం ఉచితం కాదు. దూరాభారానికి జడిసి ఒక్క విడత మానినా ఒంట్లో నీరు చేరి ఆయాసం ముంచుకొస్తుంది.

యంత్రాలు ఎన్ని పెట్టామన్నదే లెక్క కాకూడదు. ఒక్క విడతకు సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీరు కావాలి; దాని పరీక్షల ఫలితాలు రోగులకు కనిపించేలా గోడకు అంటించాలి. డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు, అంటే ఫిస్టులా, ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టకూడదని ప్రతి పీహెచ్‌సీ సిబ్బందికీ తెలియాలి.

బాలింతలను ఇంటికి చేర్చే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఈ రాష్ట్రం ఎరిగినదే. డయాలసిస్ రోగులకూ అలాంటి బండిని ప్రభుత్వం వెంటనే కేటాయించాలి.