అల ఎత్తెంత?

1977 నవంబరు నాటి ఉప్పెనను దివిసీమ మరచిపోలేదు. అయితే తుపాను లేని రోజుల్లోనూ బందరు దగ్గరి గిలకలదిండి బోట్లకు అలలతో గండమే. వాటి ఎత్తును ముందే లెక్కగట్టి చెబుతోంది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌. అక్కడి కంప్యూటర్‌ నమూనా సముద్రాన్ని గళ్లుగా విడదీసి, గాలిని బట్టి ఒక్కో గడిలో అల ఎంత లేస్తుందో అంచనా కడుతుంది. నడిసంద్రంలో పెద్ద గళ్లు సరిపోతాయి. కృష్ణమ్మ ఒండ్రు మేటవేసిన హంసలదీవి దగ్గర చాలవు. అక్కడ లోతు తగ్గేకొద్దీ అల నెమ్మదించి, పైకిలేచి విరుగుతుంది. అందుకే నమూనాను మెరుగుపరచాలంటే తీరం దగ్గర గళ్లు చిన్నవి కావాలి, లోతు కొలతలు సరిగ్గా ఉండాలి, నీటిపై తేలే బోయాలు కొలిచిన ఎత్తుతో లెక్క సరిపోవాలి. అంచనా తగ్గితే ప్రాణాపాయం, పెరిగితే ఆ రోజు వేట పోయినట్టే!