కెమెరా దాటిన పిదప

అనంతపురమునుండి ముదిగుబ్బ మీదుగా కదిరికి పోవు 42వ నంబరు జాతీయ రహదారిపై ఎదుటి లారీ దీపములు రెండుమార్లు మినుకుమన్నచో, ముందు వేగమును కొలుచు కెమెరా కలదని డ్రైవరు గ్రహించును. వేగము తగ్గును, కెమెరా దాటగనే మరల హెచ్చును.

డ్రైవర్ల మొర నిరాధారము కాదు. హెచ్చరిక లేనిచోట జరిగిన తప్పు కొన్ని దినములకు ఫోనులో చలానాయై ప్రత్యక్షమగును. కెమెరాకు ముందు హెచ్చరిక బోర్డు ఉండవలెననియు, తాఖీదును 15 దినములలో పంపవలెననియు 2021లో కేంద్ర మోటారు వాహన నియమములలో చేర్చిరి. ఆ న్యాయము నడుగు హక్కు వారికి కలదు.

కాని గొఱ్ఱెల మందను రోడ్డు దాటించు కాపరి రాకను ఏ లారీ దీపమును ముందుగా తెలుపదు. బోర్డు నిలుపుట అధికారుల ధర్మము. ఆ కాపరికొఱకు, కెమెరా లేనిచోటను వేగము తగ్గించుట డ్రైవరు ధర్మము.